తీసిన సామాను మీ చేతికే

మా షెడ్డు గోడ మీద ఎర్ర అక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది: "తీసిన సామాను మీ చేతికే." రాయించింది నేను కాదు, నాకు పని నేర్పిన మేస్త్రీ. బండిలోంచి ఏ పాత ముక్క తీసినా, అది అరిగిపోయిన బోల్టయినా సరే, తుడిచి, కాగితంలో చుట్టి, బండి తెచ్చినవాళ్ళ చేతిలో పెట్టాలి. "ఇదీ తీశాను, ఇందుకు తీశాను" అని చెప్పాలి. వాళ్ళు దాన్ని చెత్తకుండీలో వేసుకుంటారో, ఇంటికి తీసుకెళ్ళి అద్దాల బీరువాలో పెట్టుకుంటారో వాళ్ళిష్టం. మేస్త్రీ పోయి ఎనిమిదేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఆయన నన్ను తిట్టని రోజు లేదు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం తిట్టే అవసరం నేను రానివ్వలేదు. ఇరవై రెండేళ్ళ పనిలో ఆ మాట ఒక్కసారే తప్పాను. అదీ ఎవరి దగ్గర? మా అక్క దగ్గర.

నా సంగతి కూడా ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. నాకు ముక్కు మీద కోపం. బజారులో నన్ను చిటపట అంటారు, నా ఎదురుగా కాదనుకోండి. మరి ఏం చెయ్యమంటారు? ఏడేళ్ళు ఎవడో వాడి పిప్పి చేసిన డీజిల్ బండి కొనుక్కొచ్చి, "పొగ వస్తోందండీ" అంటారు. పొగ కాక పన్నీరు వస్తుందా? రెండేళ్ళు ఇంజనాయిలు మార్చకుండా తిప్పి, "టర్బో ఈల వేస్తోందండీ" అంటారు. అది ఈల కాదు నాయనా, ఏడుపు! ఇలా నాలుగు దులిపి, ఆ తర్వాత పని చేసిపెడతాను. అయినా వస్తారు, ఎందుకంటే చేతిలో పని ఉంది. ఈ మాట నేననేది కాదు, అందరూ అనేది. అందరికంటే ఎక్కువగా అనేది మా అక్క.

అక్క నర్సు. ఆసుపత్రిలో కూర్చుని చేసే ఉద్యోగం కాదు, ఇల్లిల్లూ తిరిగేది. పుండ్లకు కట్లు మార్చడం, సూదులు వెయ్యడం, పసిపిల్లల్ని తక్కెడకు వేలాడదీసి బరువు చూడటం. కొండ మీద ముప్పై, నలభై ఇళ్ళున్నాయి, రాళ్ళు కొట్టేవాళ్ళవి. అక్కడికి పోయేది బంకమట్టి దారి. ఎండాకాలంలో ఎవరైనా ఎక్కుతారు, వాన పడితే మేకలు కూడా ఒక నిమిషం ఆలోచిస్తాయి. అందుకని ఆఫీసువాళ్ళు ఒక షరతు పెట్టారు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి సొంతంగా ఉన్నవాళ్ళకే కొండ డ్యూటీ. అక్క ఆ డ్యూటీ కోసం మూడేళ్ళు ఎదురుచూసింది. ఎందుకక్కా నీకా తిప్పలు అంటే, "కిందవాళ్ళకి నేను కాకపోతే ఇంకొకరున్నారు రా. పైవాళ్ళకి ఎవరున్నారు?" అనేది.

బండి చూసిపెట్టే పని నాదే కదా మరి. మా బావ దర్జీ, మెడలో టేపు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయన మెల్లగా అన్నాడు, "బామ్మర్దీ, పాత డీజిల్ బండి, అందులోనూ నాలుగు చక్రాలదంటే తలనొప్పులెక్కువంటారు కదా. ఇంకో ఏడాది ఆగి కాస్త కొత్తది తీసుకుంటే?"

"బావా, నువ్వు కాజాలు కుట్టుకో. బండి సంగతి నాకొదిలెయ్" అన్నాను.

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ మాట తర్వాత నా మెడకే చుట్టుకుంటుందని నాకప్పుడు తెలియదు.

దొరికిన బండి చిన్నది, ముద్దుగా ఉంది, రంగు చెడలేదు. ఉదయాన్నే చల్లటి ఇంజను స్టార్టు చేయించి విన్నాను, బాగుంది. పొగ చూశాను, కింద దూరి తుప్పు చూశాను, అన్నీ బాగున్నాయి. ముందు టైర్లు రెండూ కొత్తవి, వెనకవి బాగా అరిగినవి. మామూలు బండికైతే పర్లేదు. ఇలాంటి బండికి మాత్రం నాలుగూ ఒకే అరుగులో ఉండాలి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఒక పొడవాటి షాఫ్టు ఉంటుంది, వెనక దాని చివర కప్లింగు అని ఒక ఉండ ఉంటుంది, వెనక చక్రాలకు బలం ఎప్పుడెంత పంపాలో అదే చూసుకుంటుంది. ముందు కాళ్ళు ఒక కొలతతో, వెనక కాళ్ళు ఇంకో కొలతతో అడుగులేస్తుంటే మధ్యలో నడుం ఏమవుతుంది? అదే అయ్యుంటుంది. ఖాళీ స్థలంలో స్టీరింగు మొత్తం తిప్పి, మెల్లగా రెండు చుట్లు కొట్టిస్తే చాలు, కప్లింగు కాలిపోయిందో లేదో మూలిగి చెబుతుంది. అయిదు నిమిషాల పని.

ఆ అయిదు నిమిషాలు నేను పెట్టలేదు. నాకు ఆకలేస్తోంది. అక్క బానెట్టు మీద చెయ్యి వేసి, దూడను నిమిరినట్టు నిమురుతోంది. టైర్లు తర్వాత మార్చుకోవచ్చులే అనుకున్నాను. "తీసుకో అక్కా, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాను. అక్క నిజంగానే కళ్ళు మూసుకుని తీసుకుంది.

ఆరు వారాలు తిరక్కుండానే వచ్చింది, బావను వెంటబెట్టుకుని. "మలుపు తిప్పితే వెనక నుంచి ఏదో మూలుగుతోంది రా." వాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టి, నేను బండి కింద పని చేసే గొయ్యిలోకి దిగి కప్లింగు ఆయిలు కొంచెం వదిలాను. నల్లగా, మాడు వాసన. లోపలి ప్లేట్లు కాలిపోయాయి. అంటే బండి కొన్నరోజే అది సగం చచ్చి ఉంది, నేను చూడలేదు. గొయ్యి లోంచి తలెత్తితే పైన బావ చెప్పులు కనిపిస్తున్నాయి. పైకి వచ్చి, "బావా, నువ్వన్నదే నిజం, నేను చూసింది చెడ్డ బండి" అనాలి. అంతే. నాలుగు ముక్కలు. అనకుండా మళ్ళీ పానా అందుకున్నాను.

నేనేం చేశానంటే, ఆ షాఫ్టు విప్పేశాను. విప్పితే వెనక చక్రాలకు బలం అందదు, కప్లింగుకు పనుండదు, మూలుగు ఉండదు. వేరే కప్లింగు దొరకగానే మళ్ళీ బిగించేద్దాం, రెండు వారాల ముచ్చట అనుకున్నాను. నలభై నిమిషాల్లో పనైపోయింది. డాష్‌బోర్డు మీద ఒక్క హెచ్చరిక దీపం కూడా వెలగలేదు. నాలుగు చక్రాల బటన్ నొక్కితే పచ్చదీపం మామూలుగానే వెలిగింది. బండికి కూడా తెలియలేదు.

అక్క ఒక చుట్టు తిప్పి వచ్చి పొంగిపోయింది. "చూశారా, మా తమ్ముడి చెయ్యి పడితే చాలు!" అని బావ భుజం మీద ఒకటేసింది. తర్వాత అలవాటు ప్రకారం నా ముందు అరచెయ్యి చాపింది. "ఏమైందో చెప్పలేదు. తీసిన సామానేదిరా?"

చెత్త డబ్బాలో వేరే ఎవరి బండిదో పాత బేరింగు ఒకటుంది. దాన్ని తుడిచి, కాగితంలో చుట్టి, అక్క చేతిలో పెట్టాను.

"ఇది గోల చేసింది. తీసేశాను."

మేస్త్రీ బతికుంటే పానా నా నెత్తిన పెట్టి కొట్టేవాడు. అక్క ఆ బేరింగును ఇంటికి తీసుకెళ్ళి, తన బల్ల మీద రోగుల కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకుంది. వెళ్ళినప్పుడల్లా అది నాకు కనిపించేది. నేను అటు చూడకుండా మాట్లాడటం నేర్చుకున్నాను.

ఇక షాఫ్టు సంగతి. మనిషంత పొడుగు ఇనుప గొట్టాన్ని ఎక్కడ దాస్తాం? గోనెపట్టాలో చుట్టి, గోడ మీద సైలెన్సరు పైపుల మధ్య రెండు కొక్కేలకు వేలాడదీశాను. సరిగ్గా మేస్త్రీ రాయించిన అక్షరాల కింద! అక్క వచ్చినప్పుడల్లా ఆ గోడ పక్కనే కూర్చుని టీ తాగేది. ఒకసారి తడిసిన తన రెయిన్‌కోటు తీసి ఆ గోనెపట్టా మీదే ఆరేసింది. దాని నుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆ బండికి నేను చేసిన సేవ ఇంకెవరి బండికీ చెయ్యలేదు. తప్పు చేసినవాడి చేతికి ఎక్కడలేని శ్రద్ధ వస్తుంది. ఇంటింటికీ ఆగుతూ పోయే పొట్టి తిరుగుళ్ళ వల్ల సైలెన్సరులో మసి పట్టే ఫిల్టరు మూసుకుపోయింది. నేనే పెద్దరోడ్డు మీద గంటసేపు వేగంగా తోలి, మసి కాలిపోయేలా చేసి తెచ్చాను. పొగను మళ్ళీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వు తారు పట్టినట్టు గడ్డకట్టింది. మధ్యాహ్నమంతా కూర్చుని పాత టూత్‌బ్రష్షుతో గీకాను. చలికాలం పొద్దున స్టార్టు కాకపోతే హీటరు ప్లగ్గులు నాలుగూ మార్చాను, పాతవి నాలుగూ కాగితంలో చుట్టి చేతిలో పెట్టాను. అక్క అందరితో చెప్పుకునేది, "మా వాడికి నోరు చెడ్డది గానీ, మనసు వెన్న" అని. వెన్నంట! ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ గోనెపట్టా లోపలికి దూరి కూర్చోవాలనిపించేది.

రెండు వారాల ముచ్చట అన్నాను కదా. అయిదు నెలలయింది. కప్లింగు కోసం తెగ వెతికానని అబద్ధం చెప్పను. రెండు ఫోన్లు చేశాను. లేదన్నారు. ఊరుకున్నాను. వానలు లేవు కదా, బండి బాగానే ఎక్కుతోంది కదా అని నాకు నేనే జోల పాడుకున్నాను.

వానలు వచ్చాయి. మొదటి వానకే అక్క కొండదారి సగంలో నిలిచిపోయింది. వెనక్కి జారి గట్టుకు ఆనుకుంది. అదృష్టం, దెబ్బలేం తగల్లేదు. మర్నాడు వచ్చి, "పచ్చలైటు వెలిగింది రా, బటన్ నొక్కాను. అయినా ఎక్కలేదు. నేనేం తప్పు చేస్తున్నాను?" అంది.

అప్పుడైనా చెప్పాలి కదా? మనిషన్నవాడు చెప్పాలి. నేను నీళ్ళు నమిలి, "క్లచ్చి గబుక్కున వదులుతున్నావేమో" అన్నాను.

అంతటితో ఆగలేదు. రెండు ఆదివారాలు పక్కన కూర్చుని పాఠాలు కూడా చెప్పాను. ఒకటో గేరులో మెల్లగా, బటన్ ముందే నొక్కు, స్టీరింగు నిటారుగా ఉంచు, మధ్యలో ఆపకు. యాభై దాటిన మనిషి, చిన్న పుస్తకంలో ఒక్కొక్కటీ అంకె వేసి రాసుకుంది. బడిపిల్లలా నాకు అప్పజెప్పింది. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కొండెక్కేది, మళ్ళీ జారేది. బండి కింద వదిలి, సంచి భుజాన వేసుకుని నడిచిపోయేది. వాన పెద్దదైన రోజుల్లో వెనక్కి తిరిగి వచ్చేసేది.

ఓ మంగళవారం పొద్దున్నే వచ్చి, రోజూ కూర్చునే చోటే కూర్చుంది. టీ ముట్టుకోలేదు.

"కొండ డ్యూటీ వదిలేస్తున్నాను రా."

"ఏం? ఏమైంది?"

"పైన రాళ్ళు కొట్టే పెద్దాయన ఉన్నాడే, కాలి పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. పోయిన వారం నాలుగు రోజులు నేను పైకి చేరలేకపోయాను. చీము పట్టింది. మోసుకొచ్చి ఆసుపత్రిలో పడేశారు. బొటనవేలు తీసేశారు." "వెళ్ళి క్షమించమని అడిగాను. నా చేతకానితనం వల్ల మీకిలా అయిందండీ అన్నాను. నా చేతుల్లో పట్టు పోయింది రా. బండి మంచిదే, నువ్వు చెప్పిందీ మంచిగానే చెప్పావు. నాకే రావట్లేదు. శుక్రవారంలోగా రాసిచ్చేస్తే వేరేవాళ్ళకి ఇస్తామన్నారు."

ఇక్కడ నేను దాచకుండా ఒక మాట చెప్పాలి. ఇంత కథా చెబుతున్నది ఆ మాట కోసమే. అక్క అలా అనగానే నాకు మొదట కలిగింది బాధ కాదు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. కొండ డ్యూటీ వదిలేస్తే అక్కకు నాలుగు చక్రాల బలం అక్కర్లేదు. షాఫ్టు సంగతి ఎవరికీ, ఎప్పటికీ తెలియదు. అదీ నా మనసు.

"మంచి పని చేస్తున్నావక్కా. ఈ వయసులో ఎందుకొచ్చిన తిప్పలు" అన్నాను.

అక్క నావంక చూసింది. వద్దు, వదలకు, నీకు వస్తుంది అని నేనంటానని వచ్చింది. అది ఆ చూపులో నాకు స్పష్టంగా కనిపించింది. "సరేలే. నువ్వు కూడా అదే అన్నాక ఇంకేముంది" అని లేచింది.

వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. "కొత్తగా వచ్చిన నర్సమ్మాయి కొండ డ్యూటీ తీసుకుంటానంది. బండి కూడా తనకే అమ్మేస్తాను. శుక్రవారం పొద్దున తీసుకొస్తాను, నువ్వే ఒకసారి చూపించు. బండిలో లోపం లేదని నువ్వు చెబితే తను నమ్ముతుంది. ఈ రెండు రోజులూ నాకు కింద పనే, బండి ఇక్కడే ఉంచి శుభ్రంగా చూడు."

అక్క వెళ్ళిపోయాక గానీ నాకు అర్థం కాలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల ఆ పచ్చదీపాన్ని నమ్ముకుని ఆ దారి ఎక్కుతుంది. అక్క గట్టుకు ఆనుకుంది కాబట్టి సరిపోయింది, రెండో పక్క లోయ.

షట్టరు సగం దించి ఫోను పట్టుకున్నాను. మొదటివాడు లేదన్నాడు. రెండోవాడు లేదన్నాడు. మూడోవాడు, "ఉంది, వచ్చి తీసుకెళ్ళు" అన్నాడు. మూడో ఫోను! అయిదు నెలల క్రితం ఇంకొక్క ఫోను చేసి ఉంటే ఆ పెద్దాయన వేలు ఆయన కాలికే ఉండేది. నేను ఫోను పెట్టేసి, నన్ను నేనే పచ్చిగా తిట్టుకున్నాను. చిటపట అని ఊరికే అనరు.

బుధ, గురువారాలు ఇంకో బండి ముట్టుకోలేదు. కప్లింగు మార్చాను, కొత్త ఆయిలు పోశాను, నాలుగు టైర్లూ ఒకే రకానివి, కొత్తవి వేశాను. గోడ మీద నుంచి షాఫ్టు దించి, జాయింట్లకు గ్రీజు పెట్టి, ఎనిమిది బోల్టులూ బిగించాను. ఖాళీ స్థలంలో స్టీరింగు మొత్తం తిప్పి రెండు చుట్లు కాదు, ఇరవై చుట్లు తిప్పాను. కిక్కురుమనలేదు. ఇప్పుడు బండిలో నిజంగానే లోపం లేదు. నిజమే చెబుతాను కదా, ఇంకేం కావాలి, ఈ గండం గట్టెక్కింది అనుకున్నాను. సిగ్గులేని మొహం, ఈల కూడా వేశాను.

శుక్రవారం పొద్దున సన్నగా వాన. అక్క, కొత్త నర్సమ్మాయి ఒకే గొడుగులో వచ్చారు. ఆ అమ్మాయికి ఇరవై అయిదు ఉంటాయేమో, గలగలా మాట్లాడుతోంది. "నాకు లైసెన్సు వచ్చి మూడు నెలలేనండీ, భయమేస్తోంది" అంటూనే తాళంచెవి లాక్కుంది. మా షెడ్డు వెనక పాత క్వారీకి పోయే ఎత్తు ఒకటుంది, కొండదారిలాగే బంకమట్టి. ఎక్కించి చూడమన్నాను.

ఆ అమ్మాయి చెయ్యకూడనివన్నీ చేసింది. రెండో గేరులో బయల్దేరింది. క్లచ్చి గభాలున వదిలి ఇంజను ఆపేసింది. బటన్ నొక్కడం మర్చిపోయి, మధ్యలో ఆగి నొక్కింది. స్టీరింగు అటూ ఇటూ ఊపింది. అయినా బండి నాలుగు చక్రాలతో మట్టిని పట్టుకుని మేకపిల్లలా పైకి పోయింది. పైన ఆగి హారను కొట్టింది.

నేను అక్క మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. గొడుగు పక్కకు వాలిపోయి భుజం తడుస్తోంది, అక్కకు తెలియట్లేదు.

"చూశావా?" అంది. నవ్వుతూనే అంది. "బండిది కాదు రా. నేనే."

నా రెండు రోజుల కష్టం చేసింది అదన్నమాట. బండి బాగుపడింది. అక్కను మాత్రం నేనే పూర్తిగా ముంచేశాను. అనుమానం కొంచెం మిగిలుంటే అది కూడా తుడిచిపెట్టేశాను.

అక్క లోపలికి వచ్చి సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. నా పనిబల్ల మీద పానాలు పక్కకు జరిపి, దాన్ని పరిచింది. ఆఫీసుకు ఇవ్వాల్సిన కాగితం. వయసు రీత్యా, నైపుణ్యం చాలని కారణంగా కొండ డ్యూటీ నుంచి తప్పుకుంటున్నానని తన గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. సంతకం ఒక్కటే మిగిలింది.

"పెన్నుందా?"

నా జేబులో పెన్ను ఉంది. చెయ్యి జేబు దాకా పోయింది కూడా. అక్కడే ఆగిపోయింది.

గొయ్యి పక్కన పాత కప్లింగు పడి ఉంది. వెళ్ళి తీశాను. గుడ్డతో తుడిచాను. కాగితం ఎక్కడుందో కనిపించలేదు, కళ్ళ నిండా నీళ్ళు. పాత క్యాలెండరు చింపి చుట్టాను. తీసుకొచ్చి అక్క రెండు చేతుల్లో పెట్టాను. బరువుకు ఆమె చేతులు కిందికి దిగాయి.

"ఇదీ తీశాను" అన్నాను. "నిన్న తీశాను. అయిదు నెలల క్రితమే కాలిపోయింది. బండి కొన్నరోజే పోయి ఉంది, నేను చూసుకోలేదు. బావ ముందు చెప్పుకోలేక, వెనకకి బలం పోయే షాఫ్టు పీకేసి ఆ గోడకి తగిలించాను. నీ బండికి ఇన్నాళ్ళూ వెనక చక్రాలు ఉత్తినే తిరిగాయి. ఆ పచ్చలైటు ఉత్తిదక్కా. నీ చేతుల్లో ఏ లోపమూ లేదు. ఆ దారి ఎవరూ ఎక్కలేరు దాంతో. నేను కూడా."

క్యాలెండరు కాగితం అంచు లోంచి నల్లటి ఆయిలు కారి తెల్లచీర కుచ్చెళ్ళ మీద పడుతోంది. అక్క దులుపుకోలేదు.

"మరి ఆ బేరింగు?"

"వేరే ఎవరిదో."

"నా బల్ల మీదున్నది?"

"అదే."

"ఆదివారాలు నాకు పాఠాలు చెప్పావు కదరా" అంది. "పక్కన కూర్చుని."

తిట్టు అక్కా, కొట్టు అన్నాను. తిట్టలేదు, కొట్టలేదు. ఆ పని చేసి ఉంటే ఎంత బాగుండేది! గోడ మీద ఖాళీ కొక్కేల వైపు చూసింది, వాటి పైన ఎర్ర అక్షరాల వైపు చూసింది. తర్వాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

కొత్త నర్సమ్మాయి కిందికి దిగి వచ్చింది. "అక్కా, బండి అదిరింది!"

"అమ్మా, ఈ బండి నేను అమ్మట్లేదు. కొండ డ్యూటీ కూడా వదలట్లేదు. నీకు దారిలో చెబుతాను, ఏమనుకోకు" అని అక్క తాళంచెవి తీసుకుంది.

ఒక్కతే ఎక్కి కూర్చుంది. ఒకటో గేరు. బటన్ ముందే నొక్కింది. క్లచ్చి వెన్న తీసినట్టు మెల్లగా వదిలింది. స్టీరింగు నిటారు. నేను చెప్పిన పాఠం ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఒక్క జారు కూడా జారకుండా పైకి వెళ్ళింది. అంత బాగా ఆ ఎత్తు నేను కూడా ఎక్కించలేను. పైన చాలాసేపు ఆగింది. అద్దం మీద వైపర్లు ఆడుతూనే ఉన్నాయి, లోపల మొహం కనిపించలేదు.

దిగి వచ్చి ఇంజను ఆపకుండానే అద్దం దించింది. "పాత సామాను వెనక పెట్టు." పెట్టాను. "రేపు పెద్దాయన దగ్గరికి నాతో రా. నేనెందుకు రాలేకపోయానో ఆయనకి నువ్వే చెప్పాలి."

వెళ్ళాను. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, ఆ కప్లింగు చేతిలో పట్టుకుని, అక్కకు చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. చుట్టుపక్కల మంచాలవాళ్ళు కూడా విన్నారు. పెద్దాయన కట్టు కట్టిన తన కాలినే చూసుకుంటూ విన్నాడు. అంతా అయ్యాక అక్క వైపు తిరిగి, "నేను ముందే అన్నాను కదమ్మా, నీ తప్పు కాదని. నువ్వే వినలేదు" అన్నాడు. అక్క అప్పుడు ఏడ్చింది. అన్ని రోజుల్లో అప్పుడే ఏడ్చింది.

రెండ్రోజుల తర్వాత బావ షెడ్డుకు వచ్చాడు. మెడలో టేపు ఉంది. ఏ మాట అన్నా పడదామని లేచి నిలబడ్డాను. ఆయన జేబులోంచి కాగితంలో చుట్టిన బేరింగు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ అక్క ఇచ్చి రమ్మంది. ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యమంది."

"బావా..."

"నాకు బండ్ల సంగతి తెలియదు బామ్మర్దీ" అన్నాడు, కోపం లేకుండానే. "టీ వద్దులే, షాపులో పనుంది."

ఇప్పుడు అక్క బండి వారానికి మూడుసార్లు మా షెడ్డు ముందు నుంచే కొండకు పోతుంది. వేరే దారి లేదు కాబట్టి పోతుంది. వానలో కూడా పోతుంది. ఆగదు. పండక్కీ పబ్బానికీ పిలుస్తుంది, వెళితే భోజనం పెడుతుంది, ఆరోగ్యం అడుగుతుంది. బండి ఊసు మాత్రం మా మధ్య రాదు. ఆయిలు మార్పు, ఫిల్టరు, అన్నీ బస్టాండు అవతల ఇంకో మెకానిక్కు దగ్గర చేయించుకుంటోందని విన్నాను. వాడికి నా అంత పని రాదు. ఆ మాట అనే హక్కు నాకు లేదనుకోండి.

మొన్న ఒక పొద్దున బండి ఎత్తు ఎక్కుతుంటే సన్నటి ఈల వినిపించింది. నా చెవికి అది చాలు. టర్బో నుంచి వచ్చే గాలి పైపు క్లిప్పు వదులైంది. అలాగే తిప్పితే బలం తగ్గిపోతుంది, కొండ మధ్యలో నిలిచిపోవచ్చు. పానా పట్టుకుని రోడ్డు మీదకు పరిగెత్తాను. బండి మలుపు తిరిగిపోయింది. వానలో నిలబడే అక్కకు సందేశం పెట్టాను: "టర్బో పైపు క్లిప్పు వదులైంది. మార్పించుకో. నా దగ్గరే అక్కర్లేదు, ఎవరి దగ్గరైనా సరే."

జవాబు సాయంత్రం వచ్చింది.

"మార్చాడు. పాత క్లిప్పు నా చేతిలో పెట్టాడు."